చదువుకు వెళ్లి ట్రావెల్ రైటింగ్ నేర్చుకోవచ్చా?

కడప నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: “అన్నా, ఎం.ఎస్. చదవడానికి అక్టోబరులో జర్మనీ వెళ్తున్నా. యాత్రా వ్యాసాలు రాయాలని ఎప్పటినుంచో కోరిక. దీనికి కోర్సు ఏమైనా చేయాలా? తెలుగులో రాస్తే ఎవరైనా చదువుతారా, ఇంగ్లీషులోనే రాయాలా? చదువు ఖర్చుకు దీని మీద నాలుగు డబ్బులు వస్తాయా? మంచి కెమెరా కొనుక్కుని పోవాలా?”

నాది కర్నూలు. జర్మనీలో మాగ్డెబుర్గ్ అనే ఊళ్లో చదువుకున్నా. అప్పటి నుంచి తెలుగులో ప్రయాణాల మీద రాస్తూనే ఉన్నా. అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తా, ఏమీ అనుకోవద్దు.

నేర్చుకోవచ్చు. నిజానికి టూరిస్టుగా పోయేవాడికంటే నువ్వే బాగా నేర్చుకోవచ్చు. వాడికి ఉండేది నాలుగు రోజులు, ఆ నాలుగు రోజుల్లో చర్చి, కోట, మ్యూజియం చూసి వచ్చేస్తాడు. నువ్వు రెండేళ్లు ఉంటావు. అద్దె కట్టాలి, చెత్త రకరకాల డబ్బాల్లోకి వేరు చేయాలి, ఒకే బస్సు కోసం ఒకే స్టాపులో వానలో నిలబడాలి. ఊరు అంతు చిక్కేది ఇలాంటి పనుల్లోనే. అయితే మొదటి పాఠం కడపలోనే ఉంది. విమానం ఎక్కేలోపల అది పూర్తి చేసుకుని పో.

నెట్‌లో కడప గురించి, గండికోట గురించి బయటివాళ్లు రాసినవి ఒక సాయంత్రం కూర్చుని చదువు. ఫ్యాక్షన్ గురించి ఒక మాట, రాగిసంగటి, నాటుకోడి గురించి రెండు మాటలు, ఆ తర్వాత “భారతదేశపు గ్రాండ్ కాన్యన్”. సూర్యోదయం ఫొటో. అయిపోయింది. కోటలో పెద్ద ధాన్యాగారం ఉంది, జామియా మసీదు ఉంది, దానికి కాస్త దూరంలో మాధవరాయ స్వామి గుడి ఉంది, వీటి ఊసు ఒక వాక్యంలో తేలిపోతుంది. కింద పెన్నకు అడ్డంగా కట్టిన రిజర్వాయరులో మునిగిపోయిన ఊళ్లున్నాయని, తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ల జనం ఇళ్లు వదిలి వేరేచోటికి పోయారని ఎక్కడా ఉండదు. ఆ నీళ్ల ఫొటో మాత్రం ఉంటుంది. చదువుతుంటే నీకు ఒళ్లు మండుతుంది. మండాలి కూడా. ఎక్కడెక్కడ మండిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ఇది అబద్ధం, ఇది సగం నిజం, ఇది నిజమే గానీ దీన్నే ఎందుకు పట్టుకున్నాడు, ఇది జమ్మలమడుగులో దిగకుండా కార్లోంచి చూసి రాసింది. ఇట్లా.

ఈ కాగితం దాచుకో. ఎందుకంటే అక్కడికి పోయిన నెలలోపే నువ్వు ఇదే పని వాళ్ల ఊరికి చేస్తావు. “జర్మన్లు టైమంటే టైమే” అని రాస్తావు. 2024లో అక్కడి దూరప్రాంత రైళ్లలో సుమారు 62 శాతమే సమయానికి చేరాయని, అదీ ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండానేనని అక్కడ ఏ ప్రయాణికుణ్ణి అడిగినా విసుక్కుంటూ చెప్తాడు. మన గురించి రాసినవాడి మీద నీకు వచ్చిన కోపమే నీ రాతకు కాపలాకుక్క. కోర్సుల్లో దాన్ని ఎవరూ ఇవ్వలేరు.

ఇక గండికోట గురించే ఇంకో సంగతి చెప్తా. తవెర్నియే అని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఒకడు 1652లో అక్కడికి వచ్చాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా అప్పటికి కొత్తగా కోటను పట్టుకుని ఉన్నాడు. కొండ ఎంత నిట్టనిలువుగా ఉందో, కోట ఎంత గట్టిదో తవెర్నియే కూడా రాశాడు. కానీ నాకు మరిచిపోదామన్నా మరుపు రానిది వేరే. మీర్ జుమ్లా చెప్పుల్లేకుండా కింద కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమచేతి వేళ్ల మధ్య ఇంకొన్ని కాగితాలు. కాసేపు కాలి దగ్గరనుంచి ఒకటి లాగి, కాసేపు చేతిలోంచి ఒకటి తీసి, దేనికి ఏం జవాబు రాయాలో చెప్తూ ఉన్నాడట. దాదాపు 370 ఏళ్లు గడిచాయి. ఆ మనిషి ఎంత పని నెత్తిన వేసుకున్నాడో, ఆ పనిలో ఎంత ఆరితేరాడో ఇప్పటికీ కంటికి కడుతుంది. “మీర్ జుమ్లా గొప్ప పాలనాదక్షుడు” అని రాసి ఉంటే ఈపాటికి ఎవరికి గుర్తుండేది?

ఇది నీకు అభ్యాసం. ఏడురోడ్ల దగ్గరో, మీ వీధిలోనో ఒక దోశ బండి ముందు పొద్దున్నే అరగంట నిలబడు. బండాయన చేతులు మాత్రమే చూడు. పెనం మీద నీళ్లు చిలకరిస్తాడు, చుయ్‌మని ఆవిరి లేస్తుంది, పొట్టి పొరకతో ఊడుస్తాడు. పిండి వేసి గిన్నె అడుగుతోనే తిప్పుతాడు. ఎర్రకారం ముద్దను గరిటె వెనకవైపుతో పూస్తాడు, పూసేటప్పుడు అంచు దాకా పోడు, రెండు వేళ్ల మేర వదిలేస్తాడు. పైన పప్పులపొడి చల్లుతాడు. ఇంకొకాయన డబ్బులిస్తే కారం అంటిన చేతిని తాకనీయకుండా మోచేత్తో డబ్బా వైపు చూపిస్తాడు. ఇప్పుడు ఇంటికి వచ్చి దీన్ని రాయి. “నోరూరించే”, “ఘుమఘుమలాడే”, “రుచి మాటల్లో చెప్పలేం” లాంటివి ఒక్కటీ వాడొద్దు. మాటల్లో చెప్పలేనప్పుడు రాయడానికి ఎందుకు కూర్చున్నట్టు? మొదటిసారి పది వాక్యాలు రావడమే గగనం. పోయేలోపల ఇట్లాంటివి కొన్ని రాస్తే కన్ను సాగుతుంది. తెలిసిన ఊళ్లో చూడ్డం అలవాటైనవాడికే తెలియని ఊళ్లో కనిపిస్తుంది.

తర్వాత ఎవరికోసం రాస్తున్నావన్నది. తెలుగులో మొదటి యాత్రాచరిత్రగా చెప్పుకునే కాశీయాత్ర చరిత్ర మీ కడప మీదుగానే నడిచింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు, అక్కడినుంచి కాశీ దాకా పోయివచ్చాడు. 1838లో పుస్తకంగా అచ్చయింది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరికి వేరే భాషలో చెప్పేవాడిగా, పనిచేసినవాడు. దారిలో రాసుకున్నవి మద్రాసులో ఉన్న మిత్రుడికి పంపుతూ వచ్చాడు. అందుకే అందులో గాలికబుర్లు తక్కువ. ఎక్కడ సత్రం ఉంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఏ దారిలో రాళ్లెక్కువ, ఎక్కడ నీళ్లు బాగుంటాయి అన్నవే ఎక్కువ. వెనకాల ఇంకొకరు అదే దారిన రావాల్సి ఉంటుందన్న ఎరుకతో రాసిన రాత అది.

నువ్వు కూడా ఒక మనిషిని పెట్టుకుని రాయి. “పాఠకులు” అని ఊహించుకుంటే ఉపన్యాసం వస్తుంది. మీ అవ్వ ఉంటే ఆమెకు రాయి. ఆమె అడిగే ప్రశ్నలు ఏ ఎడిటరూ అడగడు. అక్కడ వానలెప్పుడు? గొడ్లను చలికాలంలో ఎక్కడ కట్టేస్తారు? ముసలివాళ్లను ఎవరు చూసుకుంటారు? చచ్చిపోతే పూడుస్తారా, కాలుస్తారా? చేల్లో మనుషులే కనపడరంటివే, మరి పంట ఎవరు కోస్తారు? వీటికి జవాబు తెలియాలంటే నువ్వు బయటికి పోయి పదిమందిని అడగాలి. అడిగితే వ్యాసం దానంతటదే తయారవుతుంది. వారానికోసారి ఫోన్లో ఆమె అడిగినవి రాసిపెట్టుకో.

అక్కడికి చేరినాక మొదటి మూడు నెలలు బంగారం. ఆ తర్వాత వింతలు వింతలుగా కనపడవు. కాబట్టి ఆ మూడు నెలలు వ్యాసం రాయాలని కూర్చోవద్దు, ఊరికే నోట్స్ తీసుకో. తారీఖు, టైము, చోటు, ధర, ఎవరు ఏమన్నారు, గోడ మీద ఏం అంటించి ఉంది. బోర్డులు కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకో, స్పెల్లింగుకూ సంవత్సరాలకూ తర్వాత పనికొస్తాయి. అభిప్రాయాలు రాయకు. అభిప్రాయాలు ఇంటికి వచ్చినాక ఎన్నైనా పుడతాయి, వాసన మాత్రం మళ్లీ దొరకదు.

ఉదాహరణకు సూపర్‌మార్కెట్లో ఖాళీ సీసాల మెషిన్. నీళ్ల బాటిల్ కొన్నప్పుడే 25 సెంట్లు డిపాజిట్ కింద తీసుకుంటారు, ఖాళీది తెచ్చి మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు. బీరు సీసాకు 8 సెంట్లే. మనవాళ్లు అందరూ దీన్ని చూసి “ఎంత శుభ్రత, ఎంత క్రమశిక్షణ” అని రాసేసి ముగిస్తారు. నువ్వు ఇంకో పది నిమిషాలు అక్కడే ఉండు. పెద్ద సంచి పట్టుకుని ఒక ముసలాయన క్యూలో ఉంటాడు, సంచిలో అన్నీ వేరేవాళ్లు తాగినవే. సాయంత్రం పార్కులో అట్లాంటివాళ్లు చెత్తడబ్బాల్లోకి టార్చి వేసి చూస్తుంటారు. ఇంకా కాస్త ఆగితే, తాగిన కుర్రాళ్లు సీసాను డబ్బాలో వేయకుండా పక్కన నిలబెట్టి పోవడం కనిపిస్తుంది. అవతలి మనిషి చెత్తలో చెయ్యి పెట్టకుండా తీసుకోవాలని. శుభ్రత, పేదరికం, మర్యాద మూడూ ఆ ఒక్క 25 సెంట్ల చుట్టూ ఉన్నాయి. నువ్వు వ్యాఖ్యానించకపోయినా చదివేవాడికి అందుతుంది.

ఇప్పుడు నీ దగ్గర ఉండి వేరేవాళ్ల దగ్గర లేనిదేమిటో చెప్తా. మాగ్డెబుర్గ్‌కు ఉత్తరాన నీళ్ల వంతెన ఒకటుంది. కింద ఎల్బే నది, పైన ఉక్కు తొట్టిలో కాలువ, ఆ కాలువలో సరుకుల పడవలు. పొడవు 918 మీటర్లు. 1930లలో పని మొదలుపెట్టారు, యుద్ధం వల్ల 1942లో ఆపేశారు, ఆ తర్వాత దేశం రెండుగా చీలింది, మళ్లీ ఒకటయ్యాక 1997లో మొదలుపెట్టి 2003లో తెరిచారు. అది చూసినవాళ్లంతా నోరు తెరుస్తారు, నది మీద నది అంటారు. నేను కర్నూలోణ్ణి. మా ఊళ్లో హంద్రీ నది మీదుగా కె.సి. కాలువ పోతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టి, 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవాళ్లు కడప దాకా తవ్విన కాలువ, సాగుతోపాటు పడవలు కూడా తిరగాలన్న లెక్కతో తవ్వింది. నది మీదుగా కాలువను దాటించే ఆ అక్విడక్టు పక్కన పెరిగినవాడికి నీళ్ల మీద నీళ్లు పోవడం వింత కాదు. నాకు వింతగా తోచింది వేరే: వాళ్ల పడవలు ఇంకా తిరుగుతున్నాయి. మన కాలువలో పడవల మాట మిగల్లేదు. రెండుచోట్లా రైలు వచ్చింది కదా, మరి ఒకచోట పడవ ఎందుకు బతికింది? ఈ ప్రశ్న పట్టుకుని నేను అక్కడి పడవ నడిపేవాళ్లతో మాట్లాడా, కాలువలో ఏ సరుకు పోతుంది, టన్నుకు ఖర్చు ఎంత తేడా అని అడిగా. పడవ ఎంత బరువున్నా వంతెన మీద అదనపు బరువు పడదని, అది తన బరువంత నీటిని పక్కకు తోసేస్తుందని అక్కడే ఒకాయన బీరు గ్లాసులో బిస్కెట్టు ముక్క వేసి చూపించాడు.

ఇంగ్లీషులో రాసేవాడు ఆ వంతెన గురించి అంకెలు నాకంటే బాగానే రాస్తాడు. హంద్రీ మాత్రం వాడి దగ్గర లేదు. నీ దగ్గర ఏముందో చూసుకో. కడప బండలు పరిచిన ఇంట్లో పెరిగినవాడివి, అక్కడి ఫుట్‌పాత్ రాయి ఏ గనిలోదో అడగాలని నీకే తోస్తుంది. వాన చుక్క కోసం ఆకాశం చూసే జిల్లా నుంచి పోయినవాడికి, ఆర్నెల్లు ముసురు పట్టే ఊళ్లో జనం వానను తిట్టుకోవడం ఎట్లా వినిపిస్తుందో నువ్వే రాయాలి.

తెలుగులో రాస్తే ఎవరు చదువుతారన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. కె.సి. కాలువ అంటే ఏమిటో తెలుగువాడికి వివరించే పని లేదు. మిగతా సగం: ప్రొద్దుటూరులో, కదిరిలో, నంద్యాలలో పిల్లల్ని బయటి దేశాలకు పంపి కూర్చున్న తల్లిదండ్రులు ఎంతమంది! పిల్లలు ఫోన్లో “బాగున్నాం” తప్ప ఇంకేమీ చెప్పరు. ఆ ఊళ్లో పొద్దున ఎట్లా తెల్లారుతుందో ఎవరైనా రాస్తే వాళ్లు రెండుసార్లు చదువుతారు. అచ్చు వేసేవాళ్లు కూడా ఉన్నారు. పత్రికల ఆదివారం సంచికలు తీసుకుంటాయి, వెబ్ పత్రికలున్నాయి, ఈమాట అయితే 1998 నుంచి నడుస్తోంది. పంపేముందు ఆ పత్రికలో వచ్చినవి చదివి పంపు. ఇంకో ముఖ్యమైన సంగతి, రాసిన వ్యాసంలో మొదటి పేరా కొట్టేసి చూడు. మనవాళ్ల యాత్రా వ్యాసాలు ముప్పాతిక వంతు బెంగళూరు ఎయిర్‌పోర్టులో మొదలవుతాయి: అమ్మ కళ్లనీళ్లు, ఊరగాయ డబ్బా బరువు, చెకిన్‌లో టెన్షన్. అందరి అమ్మలూ ఏడుస్తారు, అందరి డబ్బాలూ బరువే. వ్యాసం ఊళ్లో దిగినాక మొదలుపెట్టు.

కోర్సు సంగతి. డబ్బులు కట్టి ట్రావెల్ రైటింగ్ కోర్సు చేయొద్దు. ఆ టైము జర్మన్ నేర్చుకోవడానికి పెట్టు, కనీసం బి1 దాకా, అంటే రోజువారీ మాటలు నడిపే స్థాయి దాకా. యూనివర్సిటీ భాషాకేంద్రంలో చాలాచోట్ల ఉచితంగానో, నామమాత్రపు ఫీజుకో చెప్తారు. భాష రాకపోతే నువ్వు కట్టడాల గురించే రాస్తావు, మనుషులు నీ వ్యాసంలోకి రారు. ఎం.ఎస్. ఇంగ్లీషులో, రూమ్మేట్లు తెలుగువాళ్లు, వంట సాంబారు, ఇట్లా రెండేళ్లు గడిచిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు, అప్పు తీర్చాలన్న ఒత్తిడి నాకూ తెలుసు. కానీ రాయాలనుకున్నవాడికి అది చాలదు. చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ ఉంటుంది, నిర్మాణం మీద ఇంగ్లీషులోనైనా సలహా అడగొచ్చు.

డబ్బుల గురించి మాత్రం ఖచ్చితంగా చెప్తా: స్టూడెంట్‌గా ఉన్నంతకాలం దీని మీద ఆదాయం పెట్టుకోకు. జర్మనీలో విద్యార్థులు 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు ఉద్యోగం చేయొచ్చు. అయితే ఫ్రీలాన్స్‌గా రాసి డబ్బు తీసుకోవడం స్వయం ఉపాధి కిందికి వస్తుంది, దానికి అక్కడి విదేశీయుల ఆఫీసు అనుమతి కావాలి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. అమెరికాలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట సంపాదిస్తే స్టేటస్‌కే ముప్పు. బ్లాగులో యాడ్లు పెడితే నెలకు వచ్చేది కాఫీ ఖర్చు, పోతే పోయేది వీసా. అనుమానం ఉంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందే అడుగు. హోటళ్లవాళ్లు ఫ్రీగా ఉంచుతామంటే కూడా ఒప్పుకోవద్దు, తిన్న చోట తప్పు రాయలేం.

తిరగడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి 2025 లెక్క ప్రకారం నెలకు 992 యూరోలు వస్తాయి, అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలేది కొంచెమే. అయినా దేశమంతా పనికొచ్చే నెల టికెట్ ఉంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2025లో 58, 2026లో 63 అయింది, విద్యార్థులకు చాలాచోట్ల దానికంటే తక్కువకే సెమిస్టర్ టికెట్‌గా వస్తుంది. స్పీడు రైళ్లు ఎక్కనివ్వరు, చిన్న స్టేషన్లలో కూడా ఆగే ప్రాంతీయ బండ్లే. రాసేవాడికి ఆగే బండ్లే కావాలి. రెసిడెన్స్ పర్మిట్ చేతికి వచ్చాక యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే మిగతా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. మొదటి ఏడాది ఆ జోలికి పోవద్దని నా మాట. నెలలో ఐదు దేశాలు చుట్టేసి రాసే వ్యాసం, గండికోట మీద నీకు ఒళ్లు మండించిన వ్యాసానికి తోబుట్టువే అవుతుంది.

మనుషుల ఫొటోలు అడగకుండా తీసి పెట్టొద్దు. జర్మనీలో దీని మీద చట్టం గట్టిగా ఉంది. రూమ్మేట్ అప్పుల కథ, పక్కింటామె విడాకుల కథ ఎంత బాగున్నా పేరు, ఊరు మార్చినా గుర్తుపట్టేస్తారు. వాళ్లను అడిగి రాయి, లేకపోతే వదిలెయ్.

అక్టోబరులో దిగుతావు కాబట్టి ఇంకోటి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పుడు తిరగలేదని దిగులు పడొద్దు, శరత్కాలంలో తీసుకున్న నోట్స్ ముందేసుకుని ఆ చలికాలం కూర్చుని రాసుకో. మార్చి, ఏప్రిల్ వచ్చాక మళ్లీ నడవొచ్చు.

కెమెరా కొనొద్దు, నీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఆ డబ్బులు నీళ్లు పట్టని మంచి బూట్లకు ఉంచుకో. అవి కూడా అక్కడే కొను, ఇక్కడ షాపుల్లో దొరికేవి మంచు మీద జారతాయి.